ముందుగా రుచి చూసిన నాలుక

'కందకు లేని దురద కత్తిపీటకెందుకు' అన్న సామెత మనందరం వింటూ పెరిగిందే. తనకు సంబంధం లేని విషయంలో మాట్లాడిందని ఆడమనిషి నోరు మూయించడానికి ఈ సామెత బాగా పనికొస్తుంది. సామెతల్లో వంటింటి భాష గురించి నోట్సు రాసుకుంటున్న రోజుల్లో ఒకసారి దీని దగ్గర ఆగిపోయాను. కందకు దురద లేదు. కత్తిపీటకూ లేదు. మరి ఆ రెండింటి మధ్యా ఉన్న చెయ్యి సంగతేమిటి? చింతపండు రాసుకుని, నూనె రాసుకుని కంద తరిగేది ఆ చెయ్యే కదా! దురదంతా దానిదే. సామెతలో మాత్రం దానికి చోటు లేదు. దుంపల చరిత్ర రాయాలని కూర్చున్నప్పుడు నాకు ప్రతి కాగితంలోనూ ఇదే కనిపించింది. దుంప ఉంటుంది, దాన్ని తవ్విన పనిముట్టు ఉంటుంది, దాన్ని తిన్న ఆకలి ఉంటుంది. చెయ్యి ఉండదు. నాలుక అసలే ఉండదు.

ఈ విషయం నాకు పుస్తకాల్లోంచి రాలేదు. నా చిన్నతనంలోంచి వచ్చింది. అది చెప్పకుండా ముందుకు పోవడం నిజాయితీ అనిపించుకోదు.

మా నాన్న బడిపంతులు. బదిలీ మీద చండ్రుగొండ వెళ్ళినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఒక పక్క కొత్తగూడెం బొగ్గుగనులు, ఇంకో పక్క అశ్వారావుపేట, చుట్టూ అడవి, వెనక కనకగిరి గుట్టలు. అప్పట్లో అది ఖమ్మం జిల్లా. 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. బడిలో నా పక్కన ఒక కోయ అమ్మాయి కూర్చునేది. చలికాలంలో కొన్ని రోజులు ఆమె డబ్బాలో అన్నం ఉండేది కాదు, ఉడకబెట్టిన గడ్డ ముక్కలుండేవి. పైన కాస్త ఉప్పూ కారం. మూత అడ్డం పెట్టుకుని తినేది. ఒకరోజు నేను, "మీ ఇంట్లో బియ్యం లేవా?" అని అడిగాను. ఎగతాళిగా అడగలేదు, జాలిగానే అడిగాను. ఆమె డబ్బా మూసేసింది. మర్నాటి నుంచి వేరే బెంచీలో కూర్చుంది.

ఆ జాలి ఎంత పెద్ద అవమానమో అర్థం కావడానికి నాకు పాతికేళ్ళు పట్టింది. ఆ డబ్బాలో ఏముందని నేను అడగలేదు. ఎట్లా ఉంటుందని అడగలేదు. 'లేవా' అని అడిగాను. మన చరిత్ర రచన కూడా అడవి ఆడవాళ్ళని ఇన్నాళ్ళుగా అడుగుతూ వచ్చింది ఈ ఒక్క ప్రశ్నేనని ఇప్పుడనిపిస్తోంది.

ముందు మాటల సంగతి చూద్దాం. కోస్తాలో దుంప అంటే తెలంగాణలో గడ్డ అంటాం. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, చామగడ్డ. కోస్తా వాళ్ళ చిలగడదుంప రాయలసీమలో గెనుసుగడ్డ, మాకు కందగడ్డ. నేల లోపల పెరిగే వాటికీ, నేలకూ కలిపి మేం వాడే మాట ఒకటే - గడ్డ. ఇక పండితుల భాషలో వీటన్నిటికీ మర్యాదైన పేరు 'కందమూలాలు'. పురాణాల్లో రుషులు తినేవి అవే. ఒకే దుంపకు మన సంస్కృతిలో మూడు హోదాలున్నాయని గమనించండి. ముని తింటే తపస్సు. శివరాత్రి నాడు మన ఇంట్లో ఉడకబెట్టుకుంటే ఉపవాసం. కోయ అమ్మాయి డబ్బాలో ఉంటే దరిద్రం. వస్తువు మారలేదు, తినే మనిషి కులమూ జాతీ మారాయి. మరో తమాషా కూడా ఉంది. మనం గౌరవంగా తినే ఆలుగడ్డ, కందగడ్డ, సగ్గుబియ్యంగా మారే కర్రపెండలం - ఈ మూడూ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినవే. అడవి గడ్డలు ఈ నేల మీద పుట్టినవి. 'నాగరికం' అనుకున్నది పరాయిది, 'ఆటవికం' అనుకున్నది సొంతం.

ఈ కందమూలాల మాట మీదే నేను మా ప్రాంతపు రామకథ దగ్గరికి వెళ్ళాను. చండ్రుగొండ వాళ్ళకి ఏ పండగకైనా పోవాల్సిన గుడి భద్రాచలమే. అక్కడికి దగ్గర్లోని పర్ణశాలలో సీతారాములు వనవాస కాలంలో ఉన్నారని జనం నమ్మకం. అన్నేళ్ళు కందమూలాలు తిని బతికారని చదువుతాం. ఎవరు తవ్వారు? ఏది తినొచ్చో, ఏది తినకూడదో వాళ్ళకి ఎవరు చెప్పారు? అడవిలో ప్రతి తీగ కిందా ఉన్న గడ్డ తినడానికి పనికిరాదు. కొన్ని చంపుతాయి. మిథిల నుంచి, అయోధ్య నుంచి వచ్చిన వాళ్ళకి ఆ తేడా పుట్టుకతో తెలియదు కదా. కథలో ఆ పాఠం చెప్పిన మనిషి లేదు.

స్థలపురాణంలో మాత్రం ఒక ఆడమనిషి ఉంది, పోకల దమ్మక్క. పుట్టలో రాముడి విగ్రహాలను చూసింది ఆమే. పందిరి వేసి తాటిపండు నైవేద్యం పెట్టింది ఆమే. కంచర్ల గోపన్న గుడి కట్టించింది ఆ తర్వాత. అంటే భద్రాద్రి రాముడు మొదట తిన్నది ఒక అడవి ఆడమనిషి ఏరుకొచ్చిన పండు. పులిహోర, చక్కెరపొంగలి తర్వాత వచ్చాయి.

ఇక శబరి. కూనవరం దగ్గర గోదావరిలో కలిసే నదికి ఆమె పేరే. వాల్మీకంలో శబరి అడవిలో దొరికినవి సేకరించి రాముడికి పెడుతుంది. ఎంగిలి చేసినట్టు అందులో లేదు. కొరికి రుచి చూసి, తియ్యనివే ఏరి పెట్టిందన్న కథ జనంలోంచి, భక్తిలోంచి వచ్చింది. భక్తులు దాన్ని ప్రేమకు గుర్తుగా చెబుతారు. సంస్కర్తలు ఎంగిలిని లెక్కచెయ్యని రాముడి ఔదార్యంగా చెబుతారు. రెండు చోట్లా శబరి ఏమీ తెలియని అమాయకురాలే. నేనూ సాహిత్య విద్యార్థినిగా చాలాకాలం అట్లాగే చదివాను. ఆ కథకు మూడో అర్థం ఉందని నాకు చెప్పింది చండ్రుగొండ దగ్గరి ఒక గూడెంలోని ముసలావిడ. శబరి పేరెత్తకుండానే చెప్పింది.

రెండు చలికాలాల కిందట నేను చండ్రుగొండ వెళ్ళాను. చిన్నప్పటి స్నేహితురాలి ఫోన్ నంబరు అటూ ఇటూ అడిగి సంపాదించాను. ఆమె ఇప్పుడు అంగన్‌వాడీలో పనిచేస్తోంది. నేను గడ్డల గురించి రాస్తున్నానంటే నవ్వి, "మా అమ్మనడుగు" అంది. వాళ్ళమ్మని నేను పెద్దమ్మా అని పిలిచాను. డెబ్బై ఏళ్ళుంటాయి. మొదటిరోజు నేను నోట్‌బుక్ తీసి, "కరువు రోజుల్లో ఏం తినేవాళ్ళు పెద్దమ్మా?" అని అడిగాను. మళ్ళీ అదే తప్పు! ఆమె కాసేపు నన్ను చూసి, "ఆకలైతే ఏదైనా తింటం బిడ్డా. ఈ గడ్డ ఆకలికి తినేది గాదు. చలికాలం వచ్చిందంటే నోరు అడుగుతది" అంది.

నోరు అడుగుతది! నేను చదివిన ఏ నివేదికలోనూ ఈ వాక్యం లేదు.

మర్నాడు ఆమెతో, స్నేహితురాలితో కలిసి వెళ్ళాను. వానాకాలంలో పచ్చగా చెట్లెక్కిన తీగలు చలికాలానికి ఎండిపోతాయి. ఎండిన తీగ గాలికి తెగిపోకముందే దాన్ని పట్టుకుని మొదలు వెతకాలి. నాకు అన్ని తీగలూ ఒకేలా ఉన్నాయి. ఆమె చుట్టుకున్న తీరు చూసి, ముల్లు తడిమి, రాలిన ఆకు ఏరి ఇది ఫలానాదని చెప్పేసేది. గునపంతో నడుము లోతు గుంట తవ్వింది. గడ్డ చేతికందాక మొత్తం పెకిలించలేదు. తీగ అంటుకుని ఉన్న పైభాగాన్ని, ఆమె దాన్ని 'తల' అంటుంది, కోసి మళ్ళీ గుంటలో పెట్టి మన్ను కప్పింది. "తల తిరిగి పెట్టకుంటే వచ్చే ఏడు ఏం తింటవ్?" అంది. వ్యవసాయం పుట్టుక గురించి మనం చదువుకున్న పుస్తకాల్లో ఏరుకు తినడం ఒక దశ, సాగు చెయ్యడం దాని తర్వాతి దశ. ఈ గుంట దగ్గర ఆ రెండూ ఒకే చేతిలో, ఒకే నిమిషంలో జరిగిపోయాయి.

తవ్వుతూ ఆమె రుచుల గురించి చెప్పుకుంటూ పోయింది. ఈ గడ్డ నిప్పుల్లో కాలిస్తే పిండిలా పొడిపొడిగా రాలుతుంది. ఇది జిగటగా సాగుతుంది, పిల్లలకిష్టం. ఇదేమో నీళ్ళగా ఉంటుంది, ఉప్పేస్తే తప్ప నోట పెట్టలేం. రాళ్ళ సందున ఒత్తుకుని పెరిగినది కమ్మగా ఉంటుంది, మెత్తటి నేలలో లావుగా పెరిగినది చప్పన. తొలకరి పడి తీగ మళ్ళీ మొలకెత్తాక తవ్వితే రుచి ఉండదు, గడ్డలోని సారాన్ని తీగ లాగేసుకుంటుంది. ఆ చివరి మాట వృక్షశాస్త్రం ఒప్పుకునే సత్యమే. అడవిపెండలం జాతి తీగలు గడ్డలో దాచుకున్న పిండిపదార్థంతోనే కొత్త చిగురు వేస్తాయి. తవ్వే కాలమేదో, తవ్వకూడని కాలమేదో ఆమెకు నాలుకే చెప్పింది. కోయలు కొత్తల పండుగ చేసుకోకుండా కొత్త పంట ముట్టరు. కొండరెడ్లు మామిడి పండుగ కాకుండా మామిడికాయ తినరు. ఆగి తినడం ఈ సమాజాలకు కొత్త కాదు.

మాటల మధ్యలో ఆమె తెలుగులోంచి కోయభాషలోకి వెళ్ళిపోయేది. ముఖ్యంగా రుచుల దగ్గర. స్నేహితురాలిని అర్థం చెప్పమంటే మూడు వేర్వేరు మాటలకూ "బాగుంటదని చెప్తుంది" అనేసింది. తర్వాత తనే నొచ్చుకుని, "మూడూ ఒకటి కాదు. తెలుగులో ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు" అంది. అమ్మ దగ్గరున్న మూడు రుచులు కూతురి తెలుగులో ఒక్కటయ్యాయి. మనవరాలు ఆశ్రమ పాఠశాలలో చదువుతోంది. ఆ పిల్ల దగ్గరికి ఎన్ని చేరతాయి?

ఇక చేదు గడ్డ సంగతి. అడవిపెండలం జాతుల్లో ఒకదానిలో డయోస్కోరిన్ అనే విషపదార్థం ఉంటుంది. అది నరాల మీద పనిచేస్తుంది. సరిగ్గా వండకుండా తింటే ప్రాణం పోవచ్చు. అయినా మన తూర్పు కనుమల నుంచి ఆగ్నేయాసియా దాకా ఆదివాసులు దాన్ని తింటున్నారు. పలుచగా తరిగి, ఉడకబెట్టి, బుట్టలో పోసి పారే వాగులో పెట్టి, ఒక రాత్రి కాదు కొన్ని రాత్రులుంచి విషం పోగొడతారు. "పోయిందని ఎట్లా తెలుస్తుంది పెద్దమ్మా?" అని అడిగాను. ఒక ముక్క తీసి నాలుక మీద పెట్టుకుంటుందట. చిమచిమలాడితే మళ్ళీ వాగులోకి. చేదు లేకపోతే చిన్న ముక్క మింగి, పనులన్నీ చూసుకుని, ఏమీ కాకపోతే అప్పుడు పిల్లలకి. "ముందు ఎవరు తింటారు?" అన్నాను. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "వండినదే తినాలె గదా ముందు. పిల్లలకి ముందు పెడ్తరా?"

అప్పుడు నాకు శబరి అర్థమైంది. ఎంగిలి చెయ్యడం అడవిలో ఒక పరీక్ష. అతిథికి పెట్టేముందు తన ప్రాణం మీదకు తెచ్చుకుని చేసే పరీక్ష. శబరికి అడవి తెలుసు కాబట్టే ముందుగా కొరికింది. ఆ తెలివిని మనం భక్తి చేశాం, అమాయకత్వం చేశాం. శాస్త్రం అని మాత్రం ఎన్నడూ అనలేదు.

మరి చరిత్ర ఏమని రాసింది? వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో నిజాం రాజ్యంలో ఉండిపోయి ఇక్కడి ఆదివాసుల మీద పుస్తకాలు రాశారు. చెంచుల మీద 1943లో, పాపికొండల రెడ్ల మీద 1945లో. మన ప్రాంతానికి అవి ఇప్పటికీ ఆధార గ్రంథాలే. వ్యాపారులు, కలప గుత్తేదార్లు ఆదివాసులను దోచుకోవడం గురించి ఆయన రాసిన తీరుకు మనం రుణపడి ఉన్నాం. పోడు పంట అయిపోయాక రెడ్లు అడవి గడ్డల మీద, జీలుగు చెట్టు మొదట్లోని పిండి మీద, మామిడి టెంకల మీద బతకడం గురించీ రాశారు. కానీ ఆ పేజీల్లో గడ్డ ధాన్యం లేనప్పుడు తినే వస్తువు. లోటును పూడ్చేది. ఆయన తర్వాత వచ్చిన సర్వేలు, పత్రికల వార్తలు ఇదే దారి పట్టాయి. ఎండాకాలం వచ్చిందంటే 'కందమూలాలు తిని బతుకుతున్న గిరిజనులు' అన్న శీర్షిక వస్తుంది. ఆకలి నిజం. దాన్ని కాదనే హక్కు నాకు లేదు. మామిడి టెంక అంబలి తాగి మనుషులు చనిపోయిన వార్తలు మనం చదివాం. అయితే ఆకలిని మాత్రమే రాసిన చరిత్రకు ఒక ఫలితం ఉంది. ఒక తిండిని లేమిగా లెక్కవేశాక, దాన్ని తీసేసి ఇంకోటి పెట్టడం ఉపకారంగా కనిపిస్తుంది.

అదే జరిగింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. అది లక్షల ఇళ్ళలో పొయ్యి వెలిగించింది. కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. బియ్యం వచ్చిన ఆ కాలంలోనే మా ఖమ్మం జిల్లా అడవుల్లో జామాయిల్ తోటలు లేచాయి. 1979 నుంచి సారపాకలో కాగితం మిల్లు నడుస్తోంది. అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటలు వచ్చాయి. వరసలు తీర్చిన జామాయిల్ కింద గడ్డ తీగ ఎక్కడ పాకుతుంది? ఒక చేత్తో బియ్యం ఇచ్చి, ఇంకో చేత్తో గడ్డ పెరిగే నేల తీసుకున్నారు. పెద్దమ్మ దీన్ని ఒక్క మాటలో తేల్చింది: "బియ్యం మంచియే బిడ్డా. కానీ అడిగి ఇయ్యలే, అడిగి తీస్కపోలే."

మన స్త్రీల ఉద్యమానికీ ఇందులో పాఠం ఉంది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలోని ఆడవాళ్ళను వాళ్ళ గొంతులతోనే మాట్లాడించింది. నాలాంటి వాళ్ళకి పరిశోధన అంటే ఏమిటో నేర్పింది ఆ పుస్తకమే. 1948 తర్వాత దళాలు గోదావరి అడవుల్లోకి, కోయగూడేల్లోకి తరలాయి. ఆ గూడేల్లో ఏది తినొచ్చో, ఏది తినకూడదో చెప్పిన కోయ ఆడవాళ్ళ గొంతులు కూడా మన చరిత్రలో చేరాలి. 'మన' అన్న మాటను మనం ఎంతవరకు చాపగలమన్నది ఇప్పటికీ మన ముందున్న ప్రశ్నే.

రుచిని అడగడం సాధ్యమేనా, అదేమైనా పరిశోధన అవుతుందా అని నన్ను అడిగిన పెద్దలున్నారు. వాళ్ళకి ఆఫ్రికా సంగతి చెబుతాను. ప్రపంచంలో పండే పెండలంలో మూడింట రెండు వంతులు నైజీరియాలోనే పండుతుంది. అక్కడా దుంపకు ఆడా మగా ఉన్నాయి. చినువా అచెబె 1958 నాటి నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్'లో పెండలం మగవాడి పంట, పరువుకు కొలత. చేమ, చిక్కుడు, కర్రపెండలం ఆడవాళ్ళ పంటలు. అదే ఇగ్బో సమాజం నుంచి వచ్చిన ఫ్లోరా న్వాపా 1966లో 'ఎఫురు' నవలతో ఆఫ్రికన్ స్త్రీల సాహిత్యానికి దారి వేసింది. 1986లో ఆమె కర్రపెండలం మీద, వరి మీద రెండు దీర్ఘ గీతాలు రాసి పుస్తకంగా తెచ్చింది. పెండలానికి పండగలున్నాయి, ఇంటింటి కడుపూ నింపే కర్రపెండలానికి పాటైనా లేదెందుకన్నది ఆమె ఫిర్యాదు. ఆడవాళ్ళ పంటకు కావ్యగౌరవం అడిగిన రచయిత్రి ఆమె. మన అడవి గడ్డకు అలాంటి కవయిత్రి ఇంకా రావాలి. వస్తే కోయభాషలోనే రావాలి.

కర్రపెండలంలోనూ చేదు రకాలున్నాయి. చేదు ఉందంటే సైనైడ్ పుట్టించే పదార్థం ఎక్కువగా ఉందని అర్థం. తురిమి, పులియబెట్టి, పిండి, వేయించి దాన్ని పోగొట్టే పని అక్కడ ఎక్కువగా ఆడవాళ్ళదే. మలావీ రైతు స్త్రీలతో మాట్లాడి లిన్లీ చివోనా-కార్ల్‌టన్ బృందం 1998లో ఒక వ్యాసం ప్రచురించింది. ఇంత చాకిరీ ఉన్నా వాళ్ళు చేదు రకాలనే కోరుకుంటున్నారు. చేదు గడ్డను దొంగలు పీక్కుపోరు, జంతువులు తవ్వుకుపోవు. మగతోడు లేని ఇంటికి చేదే కాపలా. చేదును కోరుకోవడం వెనక ఇంత లెక్క ఉందని అడిగితే తప్ప బయటపడదు.

శాస్త్రవేత్తలు కూడా చివరికి అడగక తప్పలేదు. ఎక్కువ దిగుబడినిచ్చే కొత్త రకాలను ఎన్ని తయారుచేసినా, చాలాచోట్ల రైతులు వాటిని వదిలేసి పాతవాటికే పోతున్నారు. 2017 నుంచి 2022 దాకా ఫ్రెంచి పరిశోధనా సంస్థ సిరాద్ ఆధ్వర్యంలో, గేట్స్ ఫౌండేషన్ సొమ్ముతో, నైజీరియా, బెనిన్, కామెరూన్, కోత్ దివ్వార్, ఉగాండాల్లో ఒక పెద్ద పరిశోధన సాగింది. దంచిన పెండలం ముద్ద ఎలా సాగాలి, చేతికంటకుండా ఎలా ఉండాలి, గారి అనే కర్రపెండలం రవ్వ నీళ్ళలో ఎంత ఉబ్బాలి - ఇవన్నీ వండేవాళ్ళను, అమ్మేవాళ్ళను అడిగి రాసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. దీని వెనక విత్తనాల రాజకీయం ఉండొచ్చు. ఆడవాళ్ళ నాలుక మీది జ్ఞానం చివరికి ఎవరి సొత్తవుతుందన్న ప్రశ్న నాకూ ఉంది. అయినా 'సాగుతుందా, పొడిగా రాలుతుందా' అన్నది శాస్త్రం అడగాల్సిన ప్రశ్నేనని అక్కడ ఒప్పుకున్నారు. పెద్దమ్మ గుంట దగ్గర కూర్చుని నాకు చెప్పినవీ అవే.

దుంపల మీద పరిశోధనకు మన దేశంలోనూ సంస్థలున్నాయి. తిరువనంతపురంలో కేంద్ర దుంప పంటల పరిశోధనా సంస్థ 1963 నుంచి ఉంది. మన కొవ్వూరు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన 'గజేంద్ర' రకం కంద దేశమంతా పేరు తెచ్చుకుంది. ఎందుకో తెలుసా? అది దురద పెట్టదు. అంటే సామెత వదిలేసిన చెయ్యిని ఒక విత్తనమైనా గుర్తుపెట్టుకుంది! నాగరికుల వంటింటి చేతికి దొరికిన ఆ మన్నన అడవి చేతికి దొరకలేదు.

ప్రభుత్వానికి పేదవాళ్ళ రుచి తెలియదని కూడా అనలేం. తెలంగాణ హాస్టళ్ళలో, బడుల్లో 2015 జనవరి నుంచి సన్నబియ్యం పెడుతున్నారు. 2025 ఉగాది నాడు రేషన్ కార్డులకూ సన్నబియ్యం మొదలైంది. దొడ్డుబియ్యం తినలేక జనం అమ్ముకుంటున్నారని అందరికీ తెలిసిందే. పేదవాడి నాలుకకూ ఇష్టం ఉంటుందని సర్కారు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. కానీ ఆ ఒప్పుకోలు బియ్యం దగ్గరే ఆగింది.

చట్టం మాత్రం ఒక అడుగు ముందుంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల నిర్వచనంలో వేళ్ళను, దుంపలను పేరు పెట్టి చెప్పింది. వాటిని సేకరించుకునే హక్కు, వాటి మీద యాజమాన్యం అడవి మీద బతికేవాళ్ళవే. చట్టంలో దుంప అన్న మాట ఉందని పెద్దమ్మకు చెబితే నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? 2023 జూన్ చివర మన రాష్ట్రంలో పోడు పట్టాలు పంచడం మొదలుపెట్టారు. మంచిదే. అయితే గడ్డ పట్టా భూమిలో పెరగదు, తీగకు చెట్టు కావాలి. ఈ మండలంలోనే 2022 నవంబరులో విధుల్లో ఉన్న ఒక అటవీ అధికారి గొత్తికోయల దాడిలో చనిపోయారు. ఆ చావుకు సమర్థన లేదు. 2005 తర్వాత సల్వాజుడుం హింసకు ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గొత్తికోయలు చాలామంది ఈ అడవి అంచుల్లోనే గుడిసెలు వేసుకున్నారు. ఆ ఘటన తర్వాత గునపం పట్టుకుని అడవిలో కనిపించాలంటేనే ఇక్కడి ఆడవాళ్ళకి భయం. పెద్దమ్మ నాతో వచ్చిన రోజు గునపాన్ని చీరకొంగులో చుట్టి తెచ్చింది.

భయం వల్ల తవ్వడం తగ్గితే పోయేది ఒక కూర కాదు. ఏది చేదో, ఎన్ని రాత్రులు వాగులో ఉంచాలో నాలుకతో తెలిసిన వాళ్ళు వెళ్ళిపోతే, రేపు ఏ కరువుకో మనవరాళ్ళు అడవికి పోయి తెలియని గడ్డ తవ్వుతారు. అప్పుడది నిజంగా ఆకలి తిండి అవుతుంది, ప్రాణాంతకమూ అవుతుంది. రుచిని కాపాడుకోవడం విలాసం కాదనడానికి ఇంతకంటే వేరే కారణం అక్కర్లేదు.

వచ్చేసే ముందు సాయంత్రం, నిప్పుల్లో కాల్చిన గడ్డ చిదిపి పెద్దమ్మ ముందు తన నోట్లో వేసుకుంది. తర్వాత నాకు పెట్టింది. పొడిపొడిగా, కాస్త పొగవాసనతో, నోట్లో వేసుకోగానే విడిపోయింది. "ఎట్లుంది?" అని అడిగింది. ఆ అడగడం ఆమెకు సహజంగా వచ్చింది. నేను తొమ్మిదేళ్ళప్పుడు అడగాల్సిన మాట. స్నేహితురాలి వైపు చూడలేకపోయాను. డబ్బా సంగతి ఆమెకు గుర్తుందో లేదో నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

బస్సు దగ్గర మాత్రం ఒక మాట అంది. "రాస్తే రాయి. అమ్మ పేరు, మా గూడెం పేరు మాత్రం పెట్టకు. గడ్డ తవ్విందని ఎవరన్నా వస్తే మాకెందుకు?" చట్టం మీవైపే ఉందని చెప్పబోయి ఆగాను. చట్టం ఉన్నది పుస్తకంలో. వాళ్ళుండేది అడవి అంచున.

అందుకని, చరిత్రలో ఆడవాళ్ళ పేర్లు లేవని మొదటి పేరా నుంచీ ఫిర్యాదు చేస్తున్న నేను, ఈ వ్యాసంలో నాకు అన్నీ నేర్పిన మనిషి పేరు రాయలేకపోతున్నాను. హైమెన్‌డార్ఫ్ పుస్తకంలోనో, సర్వే కాగితంలోనో పేరు లేని ఆడమనిషి కనిపించినప్పుడు ఇకమీదట నేను తొందరపడి కోప్పడను. ఆమె కూడా వద్దనే చెప్పి ఉండొచ్చు. ఆమె పేరు నిర్భయంగా రాయగలిగిన రోజు వస్తే ఈ వ్యాసం మళ్ళీ రాస్తాను.